నీళ్ళు తుడవని సోమవారం

ఫిబ్రవరి 3, సోమవారం

లేదు. లేదు. లేదు. మూడుసార్లు రాసుకుంటే గానీ నమ్మకం కుదరడం లేదు. అక్కకి క్యాన్సర్ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ చేసింది. పెద్దాసుపత్రి వాళ్ళు ఈసారి గడ్డ మొత్తం తీసి చూశారట. అందులో ఏమీ లేదట, మామూలు గడ్డేనట, ఇంటికెళ్ళి శుభ్రంగా తిని పడుకోమన్నారట. అదంతా డ్రైవింగ్ పాఠం చెప్పినట్టు గడగడా చెప్పేసి, చివర్లో ఏమేవ్, ఉన్నావా లేవా అని అడిగింది. నేను ల్యాబ్ బాత్‌రూంలో నేల మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఉన్నానే అన్నాను.

మొన్న జనవరి 15న మా ఆసుపత్రిలోనే, మా ల్యాబ్‌లోనే, అక్క రొమ్ములోంచి సూదితో తీసిన ముక్కలో క్యాన్సర్ ఉందని రిపోర్ట్ వచ్చింది. ఆ కాగితం డాక్టరమ్మ నా చేతికే ఇచ్చింది. ఆ రోజు నుంచి పంతొమ్మిది రోజులు తెల్లవారకముందే లేచి ప్రార్థన చేశాను. చేయడం కొత్తేమీ కాదు. అమ్మ నేర్పింది కాబట్టి పళ్ళు తోముకున్నట్టు రోజూ చేస్తాను. కానీ ఈ పంతొమ్మిది రోజులూ దేవుడి చొక్కా పట్టుకుని అడిగాను.

విన్నాడు. నలభై ఒక్కేళ్ళలో నా మాట చివరిదాకా విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆయనే. ఇంటికొచ్చాక మా ఆయన పేపరు దించి నా మొహం చూసి, మంచిదేగా ఇంకా ఎందుకు ఏడుపు అన్నారు.


ఫిబ్రవరి 4, మంగళవారం

అక్క డ్రైవింగ్ స్కూల్లో టీచరు. బావ పోయి ఆరేళ్ళయింది. దేవుడంటే దానికి మొదటి నుంచీ పడదు. చిన్నప్పుడు అమ్మ మమ్మల్ని కళ్ళు మూసుకుని కూర్చోమంటే, అది ఒక కన్ను తెరిచి నన్ను చూసి నాలుక బయటపెట్టేది. నేను కిసుక్కున నవ్వేదాన్ని. దెబ్బలు నాకు.

అలాంటి మొండిఘటాన్ని ప్రార్థన హాలుకి లాక్కెళ్ళింది బొత్తాలావిడ. అసలు పేరు నాకు తెలియదు. బజారు చివర బొత్తాలు, జిప్పులు, దారపుండలు అమ్మే కొట్టు ఆవిడది. జనవరి 11న మా ఆసుపత్రిలో సూది పరీక్షకి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు ఇద్దరూ. అంతకుముందు గంటన్నర ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడ అక్క మోకాలి మీద చెయ్యి వేసి, భయపడకమ్మా, నీ వెనకాల నేనున్నానుగా అందట. నిజానికి ముందు వెళ్ళింది ఆవిడే. ఆ కంగారులో ఆ తేడా ఎవరికీ తోచలేదు. ఇద్దరికీ ఒకే రోజు ఒకే కబురు వచ్చింది. దాంతో చెల్లెలినైన నాకన్నా ఆవిడే దగ్గరైపోయింది.

ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఆ హాలుకి వెళుతోంది. అక్క తోడుగా వెళ్ళి వెనక వరసలో కూర్చుని, నువ్వున్నావో లేదో నాకు తెలియదు, ఉంటే మాత్రం ఈ గడ్డ సంగతేదో చూడు అందట. అడగడం కూడా అధికారమే మా అక్కకి.

ఆవిడకి ఆపరేషన్ 17న. చిన్నదే, ఇప్పుడే తీసేస్తే ఇబ్బంది లేదన్నారట.


ఫిబ్రవరి 6, గురువారం

ఈ సాయంత్రం నన్నూ తీసుకెళ్ళింది అక్క. హాలంటే పెద్దదేమీ కాదు. పాత గోడౌను, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్క ఫ్యాను. నడిపేది కళ్ళజోళ్ళ షాపు పెద్దాయన. అనుమానం పెట్టుకుని అడిగేది సగం అడిగినట్టే అని చెప్పారు ఈ రోజు. తర్వాత అక్కని లేచి మాట్లాడమన్నారు.

మా అక్క! కారు వెనక్కి తీయడం రాని మగాళ్ళని నడిరోడ్డు మీద కడిగేసే మా అక్క, మైకు పట్టుకుని నోట మాట రాక నిలబడిపోయింది. చివరికి, ఉందన్నారు, ఇప్పుడు లేదన్నారు, నాకింకేం తెలియదు అని కూర్చుంది. అందరికన్నా గట్టిగా ఏడ్చింది బొత్తాలావిడ. లేచి వచ్చి అక్క రెండు చేతులూ తన కళ్ళకి అద్దుకుంది.

నేనూ ఏడ్చాను. హాయిగా ఉంది. ఇంత హాయి మంచిది కాదేమో అని కూడా అనిపించింది. నాకు ఆ జబ్బు ఉంది.


ఫిబ్రవరి 8, శనివారం, ఉదయం 10.40

ఆ రోజు నీళ్ళు తుడిచానా?


ఫిబ్రవరి 10, సోమవారం

నిన్నంతా రాయలేకపోయాను. రాసి చూసుకుంటే గానీ తేలదు.

నా పని ఇది. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కని మైనంలో పెట్టి గట్టిపరుస్తాం. ఆ మైనం బిళ్ళని బ్లాక్ అంటాం. దాన్ని మెషీన్ మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తాం. ఆ పొరని గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో వదిలితే ముడతలు విప్పుకుని తేలుతుంది. కిందనుంచి గాజు స్లైడ్ పెట్టి పైకి లేపితే దానికి అంటుకుంటుంది. రంగు వేసి డాక్టరమ్మకి పంపిస్తాం, ఆవిడ మైక్రోస్కోప్‌లో చూసి రిపోర్ట్ రాస్తుంది. అంతే.

ఒక మనిషిది అయిపోయి ఇంకో మనిషిది మొదలుపెట్టే ముందు, నీళ్ళ మీద టిష్యూ పేపరు పరిచి ఒక్కసారి లాగాలి. ముందు మనిషి తాలూకు తునకలు ఏవైనా తేలుతుంటే పేపరుకి అంటుకుని వచ్చేస్తాయి. నీళ్ళు తుడవడం అంటాం మేము. రెండు సెకన్ల పని. తుడవకపోతే ఒకరి తునక ఇంకొకరి స్లైడ్ ఎక్కి కూర్చుంటుంది. పదిహేడేళ్ళుగా తుడుస్తున్నాను.

శనివారం అలాగే తుడిస్తే పేపరు మీద ఆవగింజలో సగం తునక వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే. కానీ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

జనవరి 13, సోమవారం. అంతకుముందు శనివారం తీసిన ముక్కలు ఆ రోజు కోతకి వచ్చాయి. అక్క బ్లాక్ నేనే కోస్తానని పట్టుబట్టాను. సొంతవాళ్ళవి కోయకూడదన్న నియమం ఏదీ లేదు, కానీ ఎవరూ కోయరు. నేను కోశాను, చెయ్యి పెడుతూ ప్రార్థన చేయొచ్చు కదా అని. ముందున్న బ్లాక్ అయిపోయింది, పక్కన పెట్టాను. అక్కది మెషీన్‌కి బిగించాను. కళ్ళు మూసుకున్నాను. దేవుడా, ఇందులో ఏమీ ఉండకూడదు అన్నాను. అది బాగా గుర్తుంది. కళ్ళు తెరిచి కోయడం మొదలుపెట్టాను, పెదాల మీద ప్రార్థన నడుస్తూనే ఉంది. మధ్యలో పేపరు లాగానా? గుర్తులేదు. అలవాటుకొద్దీ చెయ్యే లాగి ఉండొచ్చు. లాగకపోయి ఉండొచ్చు. ఆ రెండు సెకన్లు ఎంత వెతికినా నాకు దొరకడం లేదు.

లాగకపోతే ఏమైనట్టు? అక్క గాజు మీద కనిపించిన క్యాన్సర్ అక్కది కాదు. అక్కకి అసలు ఎప్పుడూ లేదు. నేను ప్రార్థన చేస్తూ తప్పు చేశాను, ఆ తప్పు పోవాలని పంతొమ్మిది రోజులు ప్రార్థన చేశాను, పోయిందని సంబరపడ్డాను. ఛీ. రాస్తుంటేనే తల తిరుగుతోంది.

లాగి ఉంటే? అప్పుడు నిజంగానే ఉంది. నిజంగానే పోయింది.


ఫిబ్రవరి 11, మంగళవారం

స్లైడ్ మూడో బీరువాలో ఉంది. నా టేబుల్‌కి పది అడుగులు. మళ్ళీ తీసి చూస్తే తెలిసిపోవచ్చు. చూడలేదు.


ఫిబ్రవరి 12, బుధవారం

ఈ రోజూ చూడలేదు. పైగా ఆ బీరువా వైపు వెళ్ళాల్సి వస్తే ఇంకొకరిని పంపాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

చూడకపోవడమే విశ్వాసం అనుకుందామని చూశాను. ఆయన చేశాడని నమ్మినప్పుడు మళ్ళీ బీరువా తెరిచి లెక్క అడగడమేమిటి, కృతజ్ఞత లేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. బాగానే పనిచేసింది, ఓ గంటసేపు. తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. నేను చూడనంతవరకే ఉండే దేవుడైతే, ఆయన్ని కాపాడుతున్నది నేనా?

అనుమానంతో అడిగితే సగమే అడిగినట్టని పెద్దాయన అన్నారు. మరి అక్క నిలువెల్లా అనుమానంతో అడిగింది. నేను అనుమానం లేకుండా అడిగాను. ఎవరిది విన్నట్టు? అసలు ఎవరిదైనా విన్నట్టా? ఎవర్ని అడగాలో కూడా తెలియడం లేదు. అడగాల్సినవాడి మీదే అనుమానం.


ఫిబ్రవరి 13, గురువారం

పీకల మీదకి వచ్చింది.

అక్క ఫోన్ చేసింది. బొత్తాలావిడ ఆపరేషన్ వద్దనుకుందట. సోమవారం రానని సర్జన్‌కి చెప్పేసిందట. అదేమిటే అన్నాను. ఆవిడ లెక్క ఆవిడకుంది. నిన్నగాక మొన్న తిట్టుకుంటూ వచ్చిన మనిషికే ఇచ్చినవాడు, ముప్ఫై ఏళ్ళు నమ్ముకున్న నాకు ఇవ్వడా అందట. ఇప్పుడు కత్తి కిందకి వెళితే నమ్మకం లేనట్టే కదా అందట.

నువ్వేమన్నావని అక్కని అడిగాను. నాకూ గుండెల్లో దడగానే ఉందే, కానీ వెళ్ళమని నేనెలా చెప్పను, నాకు పోయిందిగా, నేను చెప్తే నా నోటితో నేనే అబద్ధమన్నట్టు కాదా అంది.

ఆవిడది ఇప్పుడు తీసేస్తే పోయేది. ఆరు నెలలు పోతే అలా ఉండదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ ముక్కలు రోజూ నా చేతుల మీదుగానే పోతాయి.


ఫిబ్రవరి 14, శుక్రవారం

రిజిస్టర్ తీశాను. స్లైడ్ కాదు, రిజిస్టర్ మాత్రమే. జనవరి 13, అక్క నంబరుకి ముందు నంబరు. ఏదో పేరు. అడ్రసు: బజారు చివర, బొత్తాల కొట్టు.

అవును మరి. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారుగా. ముక్కలూ అలాగే వచ్చాయి. బ్లాకులూ అలాగే వచ్చాయి. ఇంత చిన్న సంగతి ఆరు రోజులుగా నా బుర్రకి ఎందుకు తట్టలేదు?

అంటే, నేను నీళ్ళు తుడవకపోతే, అక్క గాజు మీద ఎక్కింది బొత్తాలావిడ తునక. ఆవిడ జబ్బునే అక్క జబ్బు అనుకున్నాం. అక్కకి లేదని తేలింది. అది చూసి ఆవిడ తన జబ్బు కూడా పోతుందని కూర్చుంది. పోదు. అది పోయింది కాదు, ఆవిడ దగ్గరే ఉంది, మొదటి నుంచీ.




ఫిబ్రవరి 15, శనివారం

మా ఆయనకి చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టారు, అంటే విషయం తీవ్రంగానే తీసుకున్నారు. ఖచ్చితంగా తెలియని దానికి నెత్తి మీద కొరివి పెట్టుకుంటావా, ఉద్యోగం పోతుంది, మీ అక్క మొహం చూడదు అన్నారు. ఆవిడకి వేరే ఏదో చెప్పి ఆపరేషన్‌కి ఒప్పించు, ఇదంతా ఎందుకు అన్నారు. తప్పుగా ఏమీ అనలేదు. నేనే ఆయన మీద కేకలేశాను. ఎందుకంటే నేను ఉదయం నుంచీ అనుకుంటున్నది కూడా అదే.

వేరే ఏం చెప్పను? వెళ్ళి చేయించుకో అని ఇప్పటికే సర్జన్ చెప్పాడు. చెబితే వినే మనిషైతే ఇంతదాకా ఎందుకొస్తుంది. ఆవిడ ఆనుకున్నది మా అక్క మీద. మా అక్క ఆనుకున్నది నా స్లైడ్ మీద.


ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రార్థనకి కూర్చోలేదు. అమ్మ పోయిన రోజు కూడా మానలేదు.


ఫిబ్రవరి 17, సోమవారం

ఆవిడ ఆపరేషన్ జరగాల్సిన రోజు. తొమ్మిదింటికి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి, నిలబడే మొత్తం చెప్పేశాను. ప్రార్థన సంగతి కూడా. అది చెప్పేటప్పుడే ఎక్కువ సిగ్గేసింది.

తిడుతుందనుకున్నాను. లేచి వెళ్ళి తనే బీరువాలోంచి స్లైడ్ తెచ్చింది. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి చూడమంది. అక్క ముక్క స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు ఆ చిన్న తునక మసకగా ఉంది. తునకని స్పష్టం చేస్తే అక్క ముక్క మసకేసింది. రెండూ ఒక మట్టంలో లేవు, ఒకటి ఇంకోదాని అంచు మీద ఎక్కి కూర్చున్నట్టుంది. ఒకే ముక్కలో భాగమైతే అలా ఉండదు. బొత్తాలావిడ స్లైడ్ తెచ్చి పక్కన పెట్టి చూశాం. కవల పిల్లల్లా ఉన్నాయి. అక్క బ్లాక్‌ని ఇంకా లోపలికి కోయించింది, వేరేవాళ్ళతో. ఏమీ లేదు.

అప్పుడు డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, ఈ మసక అప్పుడే నాకు కనపడాల్సింది అంది. ఆ రోజు నువ్వు నా గుమ్మంలో నిలబడి ఉన్నావు, నీ మొహం చూసి తొందరపడ్డాను అంది. ఇంతకీ తేలినట్టేనా అని అడిగాను. తొంభై పాళ్ళు నీళ్ళలోదే అంది. మిగతా పది? చిన్నదైతే మొదటి పొరల్లోనే అయిపోయి లోపల కనపడకపోవచ్చు, అప్పుడు అది మీ అక్కదే అయ్యుండొచ్చు, సూదితోనే మొత్తం వచ్చేసి ఉండొచ్చు, నేను ప్రమాణం చేయలేను అంది.

నాకు కోపం వచ్చింది. నూరు పాళ్ళూ నా తప్పే అని చెప్పినా బాగుండేది. ఆ పది ఎందుకు మిగిల్చింది? ఆ పదిని పట్టుకుని ఇప్పుడు నేనేం చేసుకోను?


ఫిబ్రవరి 18, మంగళవారం

అక్కకి చెప్పాను. నేర్చుకునేవాళ్ళు బండి తిప్పే మైదానంలో, ట్రైనింగ్ కారులో. దాని సీట్లో అది, స్టీరింగ్ ముందు నేను. నాకు డ్రైవింగ్ రాదు.

చివరిదాకా వింది. కారు దిగి, మైదానం చుట్టూ రెండుసార్లు నడిచి వచ్చింది. వచ్చి తలుపు ధడాలున వేసి అప్పుడు అరిచింది. పంతొమ్మిది రోజులు! పంతొమ్మిది రోజులు నేను చచ్చిపోతున్నానని బతికాను, బీరువాలో చీరలు ఎవరికి ఏవో చీటీలు రాసి పెట్టాను, నీకు ఏది రాశానో తెలుసా అంది. తెలియదన్నాను. పట్టుచీరలన్నీ నీకే రాశాను, సిగ్గులేని మొహమా అంది. ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి అదే ముక్కు తుడుచుకుని, ఆ చీటీలు చింపేస్తున్నాను, నీకు ఒక్కటి కూడా రాదు అంది.

అడగకూడదనుకుంటూనే అడిగాను, ఇప్పుడిక హాలుకి వెళ్ళవా అని. ఏమో అంది. వెళతానేమో అంది. నాకు జబ్బు పోయిందని కాదు, ఆ పంతొమ్మిది రోజులూ అక్కడ కూర్చుంటే ఒంటరిగా అనిపించలేదు, అది మాత్రం నీ నీళ్ళలోంచి వచ్చింది కాదుగా అంది. ఆ పది పాళ్ళ మాటేమిటి అన్నాను. ఉండనీ, తిండి పెట్టక్కర్లేదుగా దానికి అంది.

తర్వాత తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు చూపించింది. నేర్చుకునేవాడి మీద నమ్మకం లేకపోతే స్టీరింగ్ ఇవ్వను, ఇవ్వకపోతే వాడికి ఈ జన్మలో బండి రాదు. అలాగని నేను బ్రేకు మీంచి కాలు తీస్తే ఇద్దరం పోతాం అంది. దేవుడేమైనా నీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చాడా అన్నాను. మొద్దూ, నేను చెప్పేది దేవుడి గురించి కాదు, ఆవిడ గురించి, కాలు తీసేసి కూర్చుంది, పద అంది.

ముందు పెద్దాయన దగ్గరికి వెళ్ళాలని నేనే అన్నాను. నిజం చెప్పాలంటే ఇంకొక రోజు దొరుకుతుందని.


ఫిబ్రవరి 19, బుధవారం

కళ్ళజోళ్ళ షాపు. పెద్దాయన నోట్లో చిన్న స్క్రూ పెట్టుకుని ఎవరిదో కళ్ళజోడు కాడ బిగిస్తున్నారు. మేము చెబుతున్నంతసేపూ ఆ స్క్రూ నోట్లోనే ఉంది. మింగేస్తారేమోనని నాకు అదో భయం.

నా మీద విరుచుకుపడతారనుకున్నాను. స్క్రూ తీసి డబ్బాలో వేసి, ఆపరేషన్ చేయించుకోమ్మా అని తను ఇప్పటికి రెండుసార్లు ఆవిడకి చెప్పానన్నారు. నన్ను పరీక్షిస్తున్నారు కదూ అని ఆవిడ నవ్విందట. రెండోసారి, మీ నమ్మకం చిన్నదైపోయింది బాబుగారూ అందట. సగం అడగొద్దని ఎంతమందికో చెప్పాను గానీ, సగం అడిగేవాళ్ళలో నేనూ ఉన్నానని ఎవరికీ చెప్పలేదు అన్నారు. మా అక్క ఊరుకోదుగా, మరి చెప్పొచ్చుగా అంది. చెబితే ఎవరొస్తారమ్మా అన్నారు. మళ్ళీ ఆయనే, వస్తారేమోలే, అడగలేదు కదా ఎప్పుడూ అని కాడ తుడవడం మొదలుపెట్టారు.

మాతో వస్తారా అన్నాం. నేను వస్తే అది పరీక్షే అనుకుంటుంది, మీరే వెళ్ళండి అన్నారు. తప్పించుకున్నారో, నిజమే చెప్పారో. నాకీ మధ్య ఎవరి గురించీ ఏదీ తేలడం లేదు.


ఫిబ్రవరి 20, గురువారం

చెప్పేశాను.

మధ్యాహ్నం మూడు, కొట్టులో బేరాలు లేవు. ఒక సంచీ కలగాపులగం బొత్తాలు గల్లా బల్ల మీద పోసుకుని రంగులవారీగా ఏరుతోంది. అక్కని చూసి మొహమంతా వెలిగింది. అక్క పక్కన కూర్చుంది. నేను నిలబడ్డాను. డాక్టరమ్మకి చెప్పినట్టే చెప్పాను, కొంచెం తేలిక మాటల్లో. నీళ్ళ తొట్టి, తేలే పొరలు, పేపరు. ఆవిడ ఏరడం ఆపలేదు. తెల్లవి, నల్లవి, తెల్లవి.

అయితే మీ అక్క గాజు మీద ఉన్నది నాదా అని అడిగింది. దాదాపు మీదే అన్నాను. దాదాపంటే అంది. పది పాళ్ళ సంగతి దాచలేకపోయాను. దాచాల్సిందేమో. ఆవిడ చెయ్యి ఆగింది. మెల్లగా, అయితే ఆ పది చాలు నాకు అంది.

అక్కకి పూనకం వచ్చినట్టయింది. పదిని నమ్ముకుని తొంభైలో చస్తావా అని బల్ల మీద కొట్టింది, బొత్తాలన్నీ నేల మీద పడ్డాయి. ఆ రోజు బెంచీ మీద వెనక నేనున్నానన్నావు, ఇప్పుడు నా ముందే పోతావా అని అరిచింది. నేను కింద కూర్చుని బొత్తాలు ఏరుతున్నాను, ఏం చేయాలో తోచక.

ఆవిడా వంగింది. ఏరుతూ ఏరుతూ, నా ముక్క కోసింది కూడా నువ్వేనా అంది. అవునన్నాను. అప్పుడు ప్రార్థన చేశావా అంది. లేదండీ, ఎవరిదో తెలియదుగా, మామూలుగా కోశాను అన్నాను.

అందుకే నాది సరిగ్గా వచ్చింది అంది.

తిట్టిందో, నవ్వులాటకి అందో, ఇంకేమైనా అనుకుందో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. కొట్టు కట్టేస్తున్నాను, వెళ్ళిరండి అంది. మూడున్నరకే.


ఫిబ్రవరి 22, శనివారం

అక్క రోజూ ఆ కొట్టుకి వెళుతోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదట. బొత్తాలు ఏరుతున్నారట.


ఫిబ్రవరి 24, సోమవారం

మెమో ఇచ్చారు. మూడు నెలలు కోత పని ఇంకొకరు పక్కనుండి చూస్తారు. డాక్టరమ్మ ఆ తప్పు తన పేరు మీద కూడా రాసుకుంది. సవరించిన రిపోర్ట్ అక్క సంతకం పెట్టి తీసుకుని, ఇందులో పది పాళ్ళు రాయలేదేం అని గుమాస్తాతో గొడవ పెట్టుకుంది. అంతా అయ్యాక నన్ను క్యాంటీన్‌కి తీసుకెళ్ళి టీ ఇప్పించింది. ఆ టీ తాగుతుంటే చచ్చి బతికినట్టుంది.

సర్జన్ బుధవారం ఆవిడ కోసం ఖాళీ ఉంచారు. రేపు సాయంత్రం ఆరులోగా వచ్చి చేరాలి. అక్క ఆ కబురు చెబితే ఆవిడ విననట్టే జిప్పులు సర్దుకుందట.


ఫిబ్రవరి 25, మంగళవారం

మళ్ళీ ప్రార్థనకి కూర్చున్నాను, తొమ్మిది రోజుల తర్వాత. ఆవిడని ఆపరేషన్‌కి వెళ్ళనివ్వు అందామనుకున్నాను. ఆవిడ వెళ్ళకపోయినా జబ్బు పోగొట్టు అని కూడా నోటిదాకా వచ్చింది. నాలో ఇంకా ఆ ఆశ చావలేదన్నమాట! ఆపద మొక్కులు, సంపద మరపులు అని అమ్మ అనేది. నావి ఆపదలో కూడా సరైన మొక్కులు కావు. ఉన్నావా అని మాత్రం అడిగాను. అక్కలాగా.

సాయంత్రం ఆరుకి డ్యూటీ అయిపోయింది. వార్డుకి వెళ్ళి చేరినవాళ్ళ పేర్లు చూడొచ్చు. మెట్ల దాకా వెళ్ళి తిరిగి వచ్చేశాను. అక్క ఫోన్ ఎత్తడం లేదు.


ఫిబ్రవరి 26, బుధవారం

ఉదయం 9.15. ఇంకా ఏమీ రాలేదు.

10.30. ఒక పిత్తాశయం, ఒక వేలి గోరు. ఆవిడవి కావు.

11.50. ఏమీ లేదు. అక్క ఫోన్ స్విచాఫ్.

12.20. ఆపరేషన్ థియేటర్ నుంచి డబ్బా వచ్చింది. మూత మీద రొమ్ము, ఎడమ అని రాసి ఉంది. కింద ఆవిడ పేరు. రిజిస్టర్‌లో పేరుతో మూడుసార్లు పోల్చి చూశాను. ఆవిడే. వచ్చింది. అక్క రాత్రి అక్కడే ఉందట, ఛార్జింగ్ అయిపోయిందట.

నమ్మకం పోయి వచ్చిందో, నమ్మకంతోనే వచ్చిందో అక్కని అడిగాను. నువ్వే అడుగు, మెలకువ రానీ అంది.


ఫిబ్రవరి 28, శుక్రవారం

ఆవిడవి పద్నాలుగు బ్లాకులు. పద్నాలుగుసార్లు నీళ్ళు తుడిచాను. కోస్తున్నంతసేపూ దేవుణ్ణి బయట మెట్ల మీద కూర్చోమన్నాను.

పని అయ్యాక వెళ్ళి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. నేనూ కూర్చుని ఆవిడ గురించి చెప్పాను.